ఓబులేషు చెంపల సైగ

పెండ్లిచూపుల నాడు ఓబులేషు ఉన్నదున్నట్టే చెప్పినాడు. "నేను షార్ట్‌స్టాపు మామా" అన్నాడు. కాబోయే మామకు పనిచేసేది ఒక్క చెవే. ఆ పూట అది కూడా సెలవు పెట్టినట్టుంది. ఆయనకు అది "ఆర్టీసీ స్టాపు" అని వినిపించింది.

"డ్రైవరా, కండక్టరా?" అని అడిగినాడు.

"రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య నిలబడతా. వచ్చిందాన్ని వచ్చినట్టు ఆపుతా."

"అంటే చెకింగా! శానా సంతోషం" అని మామ తాంబూలాలు మార్చుకున్నాడు. పెండ్లయిన మూడో నెల ఆయన తిరుపతికి ఫ్రీ పాసు అడిగినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. అప్పటికి పిల్ల కాపురానికి వచ్చేసింది. పిల్ల పేరు పద్మశ్రీ. ముప్పై ఏళ్ళ బేస్‌బాల్ ఆటలో ఓబులేషుకు దక్కిన పద్మశ్రీ అదొక్కటే.

కొడుమూరులో వాళ్ళది మగ్గమున్న ఇల్లు. చీర అంచు నేసేటప్పుడు కుడిచేత్తో విసిరిన నాడె, అదే దారం కండె ఉండేది, ఎడమచేతికి దొరకాల. దొరక్కపోతే నాయన చెయ్యి వీపుకు దొరుకుతుంది. అట్లా కుదిరిన చేతులను చూసి బడిలో డ్రిల్లు మాస్టరు బేస్‌బాల్‌లోకి లాగినాడు. ఆ ఆటొకటి మన దగ్గర ఉండాదని ఆడేవాళ్ళకూ, వాళ్ళ బట్టలుతికే అమ్మలకూ తప్ప ఎవరికీ తెలియదు. వెనెజులా అనే దేశంలో వీధికొక షార్ట్‌స్టాపు పుడతాడని ఓబులేషు ఎప్పుడో పేపర్లో చదివినాడు. కొడుమూరులో వీధికొక బస్‌స్టాపు కూడా లేదు.

కర్నూలుకు మూడేళ్ళు ఆడినాడు, కడపకు నాలుగేళ్ళు, అనంతపురానికి రెండు, మళ్ళీ కర్నూలుకు, మధ్యలో నెల్లూరుకు ఒక్క ఆదివారం. ఏ జిల్లాలో ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ చొక్కా తొడుక్కునేవాడు. "నేను ఆటగాన్ని కాదప్పా, జ్వరం బిళ్ళకు బదులు" అనేవాడు తనే. బెంచీ మీద ఆయన కూర్చున్నంతసేపు హైకోర్టు జడ్జీలు కూడా కూర్చొని ఉండరు. ఆరుసార్లు రాష్ట్ర జట్టుకు స్టాండ్‌బై అయినాడు. స్టాండ్‌బై అంటే బస్టాండు బైట నిలబడి, పోయేవాళ్ళకు చెయ్యూపేవాడని ఆయన అర్థం చెప్పేవాడు.

రైల్వేలో ఉద్యోగమొస్తుందని సెలెక్షన్లకు పోయినాడు. ఉద్యోగం రాలేదు గానీ కోచ్ అయితే అయినాడు, జనరల్ కోచ్. ఎవరైనా ఎక్కచ్చు, ఎవరైనా తొక్కచ్చు. మోకాలి జాయింట్లు అరిగిపోయినాక జిల్లా బేస్‌బాల్ సంఘానికి జాయింట్ సెక్రటరీని చేసినారు. ఈ ఆటలో మూడు బేసులు దాటి ఇల్లు చేరితే పరుగు ఇస్తారు. ఓబులేషు ఇల్లు చేరితే పద్మశ్రీ చివాట్లు ఇస్తుంది.

ఇన్నేళ్ళకూ తీరని కోరిక ఒకటే ఆయనకు: రాష్ట్రం పేరు కుట్టిన టోపీ. జనం ఆయనకు పెట్టిన టోపీలు శానా ఉన్నాయి. ఆ టోపీ మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఈ ఏడు ఆ అదృష్టం ఆళ్ళగడ్డ దాకా వచ్చి నిలబడింది. అమ్మాయిల అంతర్ జిల్లా ఫైనల్, కర్నూలుకూ కడపకూ. కర్నూలు పిల్లలకు కోచ్ ఓబులేషే. రాష్ట్ర సంఘం కార్యదర్శి అవినాష్ విజయవాడ నుంచి వచ్చినాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కవరు, కవరులో టోపీ. "గెలిచిన జట్టు కోచే రాష్ట్ర జట్టుకు కోచ్ అండి" అని ముందే చెప్పేసినాడు. ఓబులేషు ఆ పొద్దంతా బంతి కంటే కవరునే ఎక్కువసార్లు చూసినాడు.

బేస్‌బాల్‌లో కోచ్ మైదానం అంచున నిలబడి సైగలు చేస్తాడు. మూడో బేసు దగ్గరున్న పిల్లను ఎప్పుడు ఉరకమనాలో, ఎప్పుడు ఆగమనాలో నోటితో చెబితే అవతలివాళ్ళు వింటారు. అందుకని ఓబులేషు పెద్ద ఆలోచనే చేసినాడు. మూడు నెలల ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, "తెలుగోడు పొద్దున లేచి చేసే పనులే మన సైగలు. ఎవురికీ అనుమానం రాదు" అన్నాడు. అన్నిటికంటే పెద్ద సైగ, బంతి వేసే పిల్ల ఏమరుపాటులో ఉన్నప్పుడు ఇంటికి ఉరకమని చెప్పేది: రెండు చెంపలూ టపటపా వేసుకోవడం.

"ఏం జరిగినా నన్నే చూడల్ల. వాన పడనీ, పిడుగు పడనీ, నన్నే" అని మరీ మరీ చెప్పినాడు. ఎవరూ చూడక ముప్పై ఏళ్ళు గడిపినోడు మరి.

ఆఖరి ఇన్నింగ్సు. స్కోరు నాలుగుకు నాలుగు, కడప వంతు అయిపోయింది. కర్నూలు పిల్లలు ఇద్దరు ఔటు. మూడో బేసు మీద క్రిస్టినా. కోవెలకుంట్ల దగ్గర చర్చి పాలెం పిల్ల, కూలికి పోయే ఇంట్లో పుట్టి కుందేలు కాళ్ళు తెచ్చుకుంది. కడప జట్టు కోచ్ సాయిప్రసాద్, ఓబులేషుతో ఒకప్పుడు ఒకే బెంచీ అరగదీసినవాడు, అవతల నుంచి అరుస్తున్నాడు: "ఏమప్పా ఓబులేసూ, కవరు తట్టే చూస్తాండావు, మ్యాచి ఈడ జరుగుతాండాది!"

సరిగ్గా అప్పుడు మైదానం పక్క రోడ్డు మీద డప్పులు మోగినాయి. అహోబిలం నరసింహస్వామి పార్వేట పల్లకీ. తన పెండ్లికి తానే నలభై రోజులు ఊరూరా తిరిగి జనాన్ని పిలుచుకునే దేవుడు. ఓబులేషుకు ఇంటిదేవుడు, పేరిచ్చిన దేవుడు. 'సామీ, నువ్వూ నా మాదిరే ఊరూరా తిరిగేటోడివే. కాకుంటే నువ్వు పిలిచేదానికి పోతావు, నేను పిలవకున్నా పోయినా' అని ఆయన ఎప్పుడూ అనుకునేవాడు.

జనమంతా అటు తిరిగినారు. బ్యాటు వెనక కూర్చొని బంతి పట్టే కడప క్యాచరు శివపార్వతి లేచి నిలబడి దండం పెట్టింది. బంతి వేసే పిల్ల బంతిని గ్లవ్స్‌లో పెట్టి, గ్లవ్స్‌ను చంకలో పెట్టి, కండ్లు మూసుకొని చేతులు జోడించింది. ఓబులేషు కూడా అటే తిరిగి, 'సామీ, ఒక్క టోపీ' అని మనసులో అనుకొని, భక్తిగా రెండు చెంపలూ టపటపా వేసుకున్నాడు.

వెనక ఏదో దుమ్ము లేచింది. తిరిగి చూసేసరికి క్రిస్టినా ఇంట్లో ఉంది.

"పరుగు!" అని అంపైర్ జయపాల్ చేతులు చాపినాడు. "నేను ఆట ఆపమనలేదు. బంతి ఆటలోనే ఉండాది."

కర్నూలు గెలిచింది. పిల్లలు ఎగిరినారు. ఓబులేషుకు మాత్రం ఏం జరిగిందో అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. అర్థమైనాక చెంపలు నిజంగానే మండినాయి.

అవినాష్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏం బుర్రండీ మీది! పల్లకీ టైమింగు కూడా లెక్క వేసుకున్నారా?" కవరులోంచి టోపీ సగం బయటికొచ్చింది.

ఈలోపల గొడవ మొదలైంది. సాయిప్రసాద్ గొంతు ఆళ్ళగడ్డంతా వినిపిస్తోంది. "ఇదేం గెలుపప్పా? అందరూ సామికి మొక్కుతాంటే ఇదే సందని ఉరికినాది ఆ పిల్ల! దేవుడంటే లెక్క లేదు!" పల్లకీ వెంట వచ్చిన అయ్యన్న అనే పెద్దాయన కూడా కర్ర నేలకు కొట్టినాడు. "ఎవురా పిల్ల? ఏ ఊరు? ఎవురి బిడ్డ?"

క్రిస్టినా కండ్లల్లో నీళ్ళు. "సార్ చెప్తేనే ఉరికినా" అంటోంది, ఎవరికీ వినపడనంత మెల్లగా.

"మీరేం మాట్లాడకండి సార్" అన్నాడు అవినాష్ చెవిలో. "వ్యూహం అని ఊరుకోండి చాలు. ఈ గొడవ సాయంత్రానికి చల్లారిపోతుంది."

టోపీ ముక్కాలు వంతు బయటికొచ్చింది. దాని మీద అక్షరాలు కూడా కనబడుతున్నాయి. ఓబులేషు ఆ అక్షరాలను ఒకసారి చదువుకున్నాడు. తర్వాత, బహుమతులిచ్చే బల్ల దగ్గరికి పోయి మైకు తీసుకున్నాడు.

"అప్పా, అమ్మా, అందరూ ఒక్క నిమిషం. ఆ పిల్లను ఏమీ అనొద్దండి. తిట్టేదుంటే నన్ను తిట్టండి, నాకు అలవాటుండాది, ఇంట్లో రోజూ ప్రాక్టీసు."

కొందరు నవ్వినారు. అయ్యన్న నవ్వలేదు.

"చెంపలేసుకుంటే ఇంటికి ఉరకమని సైగ పెట్టింది నేను. మూడు నెలలు నేర్పింది నేను. సామి పల్లకీ కనపడంగానే సైగ సంగతి మర్చిపోయి చెంపలేసుకుందీ నేనే. నాకు వ్యూహమూ లేదు, వంకాయా లేదు. ఏం జరిగినా నన్నే చూడమని ఆ పిల్లకు చెప్పినా. మనమందరం సామిని చూస్తాంటే, ఆ పిల్ల ఒక్కటే చెప్పిన మాట విని నన్ను చూసినాది. నన్ను చూసేదేముండాది చెప్పండి? అయినా చూసినాది. తప్పు నాది, పరుగు దానిది. సామి నన్ను మన్నించాల..."

అలవాటుగా చేతులు చెంపల దాకా పోయినాయి. మూలన క్రిస్టినా ఒక కాలు ముందుకేసింది. ఓబులేషు గబుక్కున చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఈసారి అయ్యన్న కూడా నవ్వినాడు. నవ్వి, కర్ర చంకలో పెట్టుకొని క్రిస్టినా దగ్గరికి పోయి, "మాట వినే బిడ్డవు తల్లీ, ఏడవొద్దు" అన్నాడు. "మీ వాళ్ళందర్నీ పిల్చుకొని సామి పెండ్లికి రా. పప్పన్నం తిని పోదురు."

జయపాల్ పరుగును పరుగుగానే రాసుకున్నాడు. కప్పు కర్నూలుకే వచ్చింది. అవినాష్ మాత్రం టోపీని మెల్లగా కవరులోకి తోసి, "కోచ్ సంగతి కమిటీలో మాట్లాడి చెబుతామండి" అన్నాడు. ఓబులేషు ఆ మాటను అంతకు ముందు ఆరుసార్లు విన్నాడు. మామ మాదిరి కాదు, ఆయన చెవులు రెండూ బాగానే పనిచేస్తాయి.

సాయిప్రసాద్ వచ్చి భుజం మీద చెయ్యేసినాడు. "నీ యబ్బ, ముప్పై ఏండ్లకు ఒక మ్యాచి గెలిచినావు, అదీ నీకు తెలీకుండా గెలిచినావు గదప్పా! సరే, దాచేదేముండాది ఇంక? మిగతా సైగలు కూడా చెప్పు."

మైకు ఇంకా చేతిలోనే ఉంది. ఓబులేషు చెప్పేసినాడు. కాలరు సర్దుకుంటే ఆగమని. మీసం దువ్వితే గట్టిగా కొట్టమని. ముక్కు గోక్కుంటే బంతిని మెల్లగా తట్టి వదిలేయమని. కడప పిల్లలు నోరు తెరుచుకొని విన్నారు. క్యాచరు శివపార్వతి చెయ్యెత్తింది.

"సార్, మరి మీరు పొద్దున్నుంచీ ముక్కు గోక్కుంటానే ఉండారు గదా? మీ వాళ్ళంతా బంతిని తడతానే ఉండారు, ఒక్కరు కూడా గట్టిగా కొట్టలేదు."

కర్నూలు పిల్లలంతా ఒక్కసారి కోచ్ వైపు తిరిగినారు.

"అది జలుబమ్మా" అన్నాడు ఓబులేషు మైకులో.