ఉంచుకున్న పాట

మేం నాష్‌విల్‌లో అద్దెకుంటున్న బేస్‌మెంట్ పైన హరనాథ్ అంకుల్, భానుమతి ఆంటీ ఉంటారు. అంకుల్ ఇంజనీర్‌గా రిటైరయ్యారు. కానీ ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే, ఇక్కడి పల్లెపాటల్లాంటి కంట్రీ పాటలు రాస్తానంటారు. నలభై ఏళ్లుగా రాస్తున్నారు. రెండే రికార్డయ్యాయి, అవీ ఎవరూ వినలేదు. మా పాప మాయకి దగ్గొస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. పైనుంచి ఆయన గిటార్ వినబడితే మాత్రం అది నిద్రపోతుంది.

మొన్న వేసవిలో ఒక పెద్ద గాయని మనుషులు ఆయన పాటని హోల్డ్‌లో పెట్టారు. ఆమె పాడేదాకానో, వద్దనేదాకానో అది ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఈ వయసులో ఇదే ఆఖరి అవకాశమని ఆయనకి తెలుసు. ఇంట్లో మాత్రం "పాట ఉంచుకున్నారు భానూ" అని ఊరుకున్నారు.

ఆంటీ ఆ మాట పట్టుకుని తెలుగు సంఘానికి ఫోన్ చేసేసింది. డిసెంబరులో సన్మానం ఖాయమైంది.

సన్మానం రోజు పొద్దున బట్టలు ఉతకడానికి పైకి వెళ్తే అంకుల్ వంటింట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నారు.

"హోల్డ్ తీసేశారమ్మా రేణూ."

ఆంటీ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చింది. "తీసేయడమేంటి? ఉంచుకున్నారన్నారుగా?"

"ఉంచుకున్నారన్నాను. కట్టుకున్నారన్నానా?"

ఆంటీకి నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే కుర్చీలో కూలబడింది. "మరి శాలువా?"

"కప్పించుకుందాం. ఎలాగూ చలిగా ఉంది."

"నిజం చెప్పేద్దామండీ."

"ముందు హోల్డంటే ఏంటో చెప్పాలి, తర్వాత తీసేయడమంటే ఏంటో చెప్పాలి. ఈలోపు బిర్యానీ చల్లారిపోతుంది."

సాయంత్రం హాల్లో సంఘం ప్రెసిడెంట్ రవికుమార్ గారు మైకులో, "మన తెలుగువాడి పాట అమెరికా అంతా మోగబోతోంది" అన్నారు. శాలువా కప్పి, పాడమన్నారు. అంకుల్ కూర్చునే పాడారు. నా ఇంటర్ చదువు సగంలో ఆగింది, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఖాళీ కుర్చీ ముందు రోజూ కాఫీ పెట్టేవాడి పాట అని మాత్రం అర్థమైంది. అప్పటికే అందరూ ప్లేట్ల లైన్లో ఉన్నారు. మాయ నా భుజం మీద నిద్రపోయింది.

తిరిగొస్తూ కార్‌లో అడిగాను. "ఇప్పుడు ఇంకెవరికైనా ఇవ్వొచ్చు కదా అంకుల్?"

"ఇవ్వొచ్చమ్మా," అన్నారు. "ఎవరడుగుతారు?"

ఆ తర్వాత పైనుంచి గిటార్ వినబడలేదు. మాయకి నిద్ర పట్టడం లేదు. ఆ పాటలో మొదటి రెండు మాటలే నాకు గుర్తున్నాయి. అవే మళ్లీ మళ్లీ అంటూ దాన్ని ఎత్తుకుని తిరుగుతున్నాను.