చెవి ఎత్తు

పెద్ద వరద వచ్చిన మూడో ఏడు. ఆ వరదప్పుడు ఏటి మట్టం ఎంతకొచ్చిందో సర్కారు రేడియో గంటగంటకూ చెప్పబట్టే పల్లపు వీధి జనం పిల్లాజెల్లాతో బయటపడ్డారు. ఇప్పుడు ఆ వీధి చివర కొత్త పాటల స్టేషను టవరు లేచింది. మళ్లీ వానలు ముంచుకొస్తుంటే, అదే వీధిలో తాళాలు బాగుచేసే తాత కొట్టు రేడియోలో ఏటి మట్టం చెప్పే గొంతు మీద పాటలు పడి తొక్కేస్తున్నాయి.

ఫిర్యాదు చేయగా చేయగా రేడియో సిగ్నల్ కొలిచే ఇంజనీరు వ్యానేసుకుని వచ్చాడు. వ్యాను మీంచి కొసన ఏరియల్ ఉన్న పొడుగాటి గొట్టం పైకి లేపి మీటరు చూశాడు.

"సిగ్నల్ భేషుగ్గా ఉంది తాతగారూ. సంతకం పెట్టండి," అంటూ కాగితం చాపాడు.

తాత బల్ల మీది రేడియోని సర్కారు స్టేషనుకి తిప్పాడు. పాటే వచ్చింది.

"రూలు ప్రకారం పది మీటర్ల ఎత్తులోనే కొలవాలండీ."

"అయితే ఆ గొట్టమెక్కి వినమంటావా నాయనా? మా ఆయనకి అసలే మోకాళ్ల నొప్పులు," అంది అవ్వ లోపల్నుంచి.

ఇంజనీరు నవ్వాడు. తాత నవ్వలేదు. కాగితం మడిచి అతని జేబులోనే పెట్టాడు.

"పెట్టను."

"మీ ఇష్టం. పెట్టకపోయినా బాగుందనే రాస్తాను. రేపు పక్క వీధి చూసుకుంటే నా పని అయిపోతుంది."

మర్నాడు పొద్దున్నే తాత పక్క వీధికెళ్లి, వ్యాను ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. హారన్ ఎంత మోగినా కదల్లేదు. వార్తల వేళకి ఒళ్లో రేడియో పెట్టుకుని, దిగి వచ్చిన ఇంజనీరుకి పక్కన నేల చూపించాడు.

"కూర్చుని విను. ఏటి మట్టం ఎంతో నువ్వు చెప్పాకే లేస్తా."