వసపిట్ట చదువు

దర్జీకి కూతురంటే ప్రాణం, కూతురి చదువంటే గొప్ప. రెండో తరగతి పిల్ల. నోరు తెరిస్తే మూయదు కాబట్టి ఇంటిల్లిపాదీ వసపిట్ట అంటారు. బడి లైబ్రరీ నుంచి తెచ్చిన 'చొక్కా చాలని ఏనుగు' పుస్తకం పట్టుకుని, కుట్టుమిషను పక్కన బల్ల మీద కూర్చుని, కొట్టుకు వచ్చినవాళ్లందరికీ గడగడా చదివి వినిపించేది. గుండీ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా కథ అయ్యేదాకా కదిలేవారు కాదు. కథలో దర్జీ కొలతలు సరిగ్గా తీసుకోలేదని మాత్రం తండ్రికి కాస్త గుర్రు.

అందుకే, వచ్చే నెలాఖరు పరీక్షలో ఒక్క పేజీ చదవలేకపోతే పిల్ల మళ్లీ రెండో తరగతే అని బడి నుంచి కబురొస్తే నవ్వాడు. ఎవరి పిల్ల గురించో చెబుతున్నారనుకున్నాడు.

లైబ్రరీ టీచరు మర్నాడు రమ్మంది. అక్కడన్నీ పొట్టి బల్లలు, పొట్టి కుర్చీలు. దర్జీ మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. టీచరు ఏనుగు పుస్తకం ఇచ్చి చదవమంటే వసపిట్ట అందుకుంది. ఎక్కడా ఆగలేదు. మధ్యలో రెండు కాగితాలు అంటుకుని ఒకేసారి తిరిగాయి. అయినా పిల్ల, కనబడని పేజీల్లోని మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పేసింది.

దర్జీకి అప్పుడు వెలిగింది. రోజూ రాత్రి ఆ పుస్తకం పిల్లకు పదేపదే చదివి వినిపించింది తనే. పిల్ల చదవడం లేదు, అప్పజెబుతోంది.

పిల్లను ఆడుకోమని పంపాక, "అయితే దీనికి ఒక్క ముక్కా రానట్టేనా అండీ?" అన్నాడు, తల ఎత్తకుండా.

"సగం వచ్చినట్టే," అంది టీచరు. "కథంటే ఇష్టం మీరు పుట్టించారు. అది నా వల్ల అయ్యే పని కాదు. మాట నోట్లో ఉంది, ఇక కంటికి చూపించాలి. అది నాకొదిలేయండి."

పుస్తకం వారానికి మించి ఇవ్వకూడదని బడి రూలు. టీచరు అదే పుస్తకం మీద ప్రతి సోమవారం కొత్త తేదీ ముద్ర వేసిచ్చింది. క్లాసు టీచరు మూతి విరిచినా పట్టించుకోలేదు. దర్జీ చేత అట్టముక్కలో ఒక్క మాట పట్టేంత కిటికీ కత్తిరింపించింది. దాన్ని పేజీ మీద ఎక్కడ పెడితే అక్కడి మాటే చదవాలి. ముందువెనకలు కనబడకపోయేసరికి వసపిట్ట నోటికి తాళం పడింది. మొదటి వారం ఏడ్చింది. రెండో వారం 'ఏనుగు' దొరికింది, 'చొక్కా' దొరికింది. తర్వాత ఆ మాటలనే వేరే పుస్తకాల్లో వెతకమంటే అలమరాలన్నీ గాలించింది. పరీక్షలు పెట్టడానికి బడిలో చాలామంది ఉంటారు, పుస్తకం చేతికిచ్చి పక్కన కూర్చునేవాళ్లే తక్కువ. భోజనం గంటలో టీచరు తన డబ్బా కూడా తెరవకుండా పిల్ల పక్కన నేల మీద కూర్చునేది. కన్నతల్లికైనా ఇంత ఓపిక ఉంటుందా అనుకునేవాడు దర్జీ.

పరీక్ష రోజు అతను లైబ్రరీ గుమ్మంలో నిలబడ్డాడు. హెడ్మిస్ట్రెస్ ఏనుగు పుస్తకం పక్కకు నెట్టి, పిల్ల ఎన్నడూ చూడని పుస్తకమొకటి తీసింది.

"మే...క. మేక... పడవ... ఎ...క్కిం...ది."

గడగడా పోయే పిల్ల నత్తనడక నడిచింది. ఒక మాట దగ్గర ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఆ తడబాటు వింటుంటే దర్జీకి కళ్లు నిండాయి. అప్పజెప్పినన్నాళ్లూ ఒక్కసారి కూడా తడబడలేదు. ఇప్పుడు చదువుతోంది.

లైబ్రరీ టీచరు వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీ మేలు ఈ జన్మలో మరిచిపోనమ్మా," అన్నాడు.

"ముందు విననివ్వండి," అందావిడ, తనూ కళ్లు తుడుచుకుంటూ.

పేజీ పూర్తయింది. "చాలమ్మా, పాసయ్యావు," అని హెడ్మిస్ట్రెస్ పుస్తకం కోసం చెయ్యి చాపింది. వసపిట్ట ఇవ్వలేదు. పేజీ తిప్పింది.

"ఉండండి టీచర్, తర్వాతేమైందో నాకింకా తెలీదు."