చెప్పుకోదగ్గదేమీ లేదు

వణుకుతోంది.

ఆకు అంచున మంచుబొట్టు. బొట్టులో తలకిందులుగా ఆకాశం. ఆ ఆకాశం కింద ఆవగింజలో సగమైనా లేని ఆకుపచ్చ ప్రాణి ఒకటి. కాళ్ళు కాడకు ఆనించి, సూది ముక్కు కాడలో గుచ్చి, లోకం పట్టనట్టు తాగుతోంది.

గాలి ఆగాలి.

ఆమె ఊపిరి బిగబట్టింది. మోకాళ్ళు బురదలో, మోచేతులు బురదలో. కాడ ఊగకుండా దానికి బట్టల క్లిప్పు ఒకటి పట్టించింది. పక్కన పాత గొడుగు తెరిచి ఉంది — వానకు కాదు, గాలికి అడ్డు.

గాలి ఆగాలి... ఒక్క రెప్పపాటు చాలు.

ఆగింది.

క్లిక్.

ఇరవై రెండేళ్ళు ఆమె మనుషుల ముఖాలు తీసింది. పాస్‌పోర్టు సైజు. నీలం తెర, గుండ్రటి స్టూలు. "గడ్డం కాస్త పైకి... కళ్ళు మూయకండి... అయిపోయింది." ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు. ఎవరి ముఖాన్నీ మూడో నిమిషం చూడలేదు. ఆ తరవాత కెమెరా ఫోన్లొచ్చి అందరి ఫోటోలూ అందరి చేతుల్లోకే వచ్చేశాయి, స్టూడియో మూతపడింది. యజమాని వెళుతూ వెళుతూ ఒక పాత లెన్సు ఆమె చేతిలో పెట్టాడు. దాన్ని తిరగేసి కెమెరాకు బిగిస్తే చీమ ఏనుగంత అవుతుందని ఆమెకు తెలుసు. అయితే అంత దగ్గరగా చూడాల్సింది ఏముంటుందో మాత్రం తెలియదు.

అప్పుడు బావ ఫోన్ చేశాడు.

బావ ఇళ్ళు కట్టే కంపెనీలో సూపర్‌వైజరు. గోదాము గోడకూ రైలు పట్టాలకూ మధ్య ఒక ఖాళీ స్థలం. అందులో పనివాళ్ళకు క్వార్టర్లు కడతారు. కట్టే ముందు రిపోర్టు కావాలి. రిపోర్టులో ఫోటోలు కావాలి.

"పన్నెండు ఫోటోలు మరదలా. స్థలం ఖాళీగా ఉంది, పిచ్చిమొక్కలు తప్ప ఏం లేవు అని. కింద నీ సంతకం. అరగంట పని. మన ఇంటి పని కూడాను!"

మన ఇంటి పని. ఆ మాటలో అబద్ధం లేదు. కింది అంతస్తులో మూల ఇల్లు బావకని కంపెనీ మాటిచ్చింది. అక్క ఇప్పుడుండేది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లు అరవై ఎనిమిది. అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. ప్రతి మలుపులోనూ గోడకు చేరగిలబడి, కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకుని, "మీరు పదండి, నేనొస్తా" అని వెనకొచ్చే వాళ్ళకు దారి ఇస్తుంది. అమ్మ పోయేసరికి చెల్లెలికి ఆరేళ్ళు, అక్కకు పద్నాలుగు. అక్క అప్పటి నుంచీ మోస్తూనే ఉంది. నీళ్ళు మోసింది, చెల్లెల్ని మోసింది. ఆ మోకాళ్ళు ఊరికే అరిగినవి కావు.

అరగంట పనికి వెళ్ళింది.

తొమ్మిది రోజులు వెళ్ళింది.

మొదటి రోజు ఎనిమిది ఫోటోలు నిలబడే తీసింది. గోడ, గడ్డి, చిరిగిన ప్లాస్టిక్ సంచి, మళ్ళీ గడ్డి. తొమ్మిదోదానికి కాస్త కింది నుంచి బాగుంటుందని మోకాళ్ళ మీద కూర్చుంది.

అంతే... లేవలేకపోయింది.

నడుమెత్తు పిచ్చిమొక్క. నూగు కాడ, ఊదారంగు పూలు. పేరేమిటో ఎవరూ చెప్పలేకపోయారు. కాడ నిండా పేనుబంక — తల్లులు, పిల్లలు, పిల్లల పిల్లలు. వాటి మధ్య చీమలు అటూ ఇటూ తిరుగుతున్నాయి, మందను కాసుకునే కాపరుల్లా. పేనుబంక వీపు మీద మీసంతో తడితే చాలు, ఒక తియ్యటి బొట్టు. చీమ తాగి పక్కదాని దగ్గరికి పోతుంది. పైన అక్షింతల పురుగు పిల్ల ఒకటి, నల్లగా, ముళ్ళతో, కాపరుల కన్నుగప్పి ఒక్కొక్కదాన్నే మింగుతోంది. పువ్వు లోపల పువ్వు రంగులోనే ఒక సాలీడు. అది రోజంతా ఎదురుచూస్తుంది. ఎదురుచూడడమే దాని ఉద్యోగం.

ఒక కాడ మీద ఇంత ఊరు.

ఆమె వాటి ముఖాలు తీసింది. మూడో నిమిషం చూసింది... మూడో గంట కూడా.

ఎనిమిదో రోజు ఒక ఆకు తిప్పి చూస్తే వెంట్రుకలు కనిపించాయి. నిలువుగా, సన్నగా, పన్నెండు. ఒక్కో వెంట్రుక కొసన ఒక్కో గుడ్డు. బూజు అనుకుంది. లైబ్రరీలో పాత పుస్తకం తిరగేస్తే తెలిసింది. అల్లిక రెక్కల పురుగు అట. ఆకుపచ్చ రెక్కలు, బంగారు కళ్ళు. దాని పిల్లలకు తిండి పేనుబంక. అది గుడ్లన్నీ ఒకేచోట పెట్టేసి పోదు. ఒక్కోదానికీ ఒక దారం లాగి, దారం చివర విడిగా నిలబెడుతుంది.

ఎందుకంటే పుట్టినవాటికి పుట్టగానే ఆకలి.

పక్కనున్నది తోబుట్టువని ఆకలికి తెలియదు.

ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివింది. పుస్తకం మూసింది. మళ్ళీ తెరిచింది.

బావకు ఫోటోలు చూపించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని ఒక్కోటీ చూశాడు.

"అమ్మో! పేనుబంక ఇంత అందంగా ఉంటుందా? మీ అక్కకు చూపించకు. రేపటి నుంచి కాలీఫ్లవర్ ముట్టదు."

ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు కూడా సగంలో ఆగింది.

"బావా, ఖాళీ స్థలం అని ఎలా రాస్తారు?"

"మరేం రాయమంటావ్? జనాభా లెక్కలు రాయమంటావా?" ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఈ రిపోర్టు ఆగిందంటే వర్షాలొస్తాయి. వర్షాలొస్తే పని వచ్చే ఏడాదికి పోతుంది. అప్పటికి మీ అక్క మెట్లు దిగగలదా? పురుగులదేముంది, ఇక్కడ కాకపోతే ఇంకోచోట."

"రెక్కలున్నవి పోతాయి బావా."

రెక్కలు లేని వాటి సంగతి ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

తొమ్మిదో రోజు స్థలం తనిఖీకి అధికారి వచ్చాడు. ఫైలు చంకలో పెట్టుకున్న, అలసిపోయిన, మర్యాదస్తుడైన మనిషి. బూట్లకు బురద అంటకుండా రాయి మీద నుంచి రాయి మీదకు అడుగులు వేస్తూ వచ్చి, ఆమె పక్కన ఆగాడు. నడుమెత్తు మొక్క వాళ్ళిద్దరికీ మధ్య ఉంది.

"రోజూ వస్తున్నారటగా. ఏమైనా కనిపించాయా మేడమ్? నాకు మీరు చెప్పిందే లెక్క."

నిజంగానే అడిగాడు. ఆమెకు తరవాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా, గుర్తొచ్చి బాధించింది ఇదే. ఆయన తూతూమంత్రంగా అడగలేదు. అడిగి, ఆగాడు. పెన్ను మూత తీసి ఆగాడు.

బావ నాలుగడుగుల దూరంలో నిలబడి పట్టాల వైపు చూస్తున్నాడు.

ఆమె నాలుక కొసన పన్నెండు దారాలున్నాయి.

ఆమె కళ్ళ ముందు అరవై ఎనిమిది మెట్లున్నాయి.

గాలి ఆగింది.

"పిచ్చిమొక్కలండీ," అంది ఆమె. "అంతే."

ఆయన రాసుకున్నాడు. 'పరిశీలించినంత మేరకు చెప్పుకోదగ్గదేమీ లేదు.' కాగితం ఆమె వైపు తిప్పాడు. ఆమె సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. అది మాత్రం ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు... చెయ్యి ఎందుకు వణకలేదు?

రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు.

మూడో రోజు తెల్లవారుతూనే పరుగెత్తింది. యంత్రం అప్పటికే దిగింది. పచ్చటి రంగు, మనిషెత్తు చక్రాలు. స్థలం సగం చదునైపోయింది. కోసిన గడ్డి వాసన — అందరూ బాగుంటుందనే ఆ వాసన — తగలగానే ఆమె చున్నీతో ముక్కు మూసుకుంది.

చేతులూపుతూ యంత్రానికి అడ్డం వెళ్ళింది. డ్రైవరు ఇంజను ఆపి గబగబా దిగాడు. యాభై ఏళ్ళ మనిషి, మెడలో తువ్వాలు.

"ఏమైందమ్మా? ఏం పోయింది?"

ఆమె కోసిన గడ్డి వైపు చెయ్యి చాపింది.

"ఉంగరమా? చెవిదిద్దా?"

ఆమె నేల వైపు చూసింది. అతను దాన్నే జవాబనుకున్నాడు. పాపం, అప్పటికప్పుడు గడ్డిలో కూర్చుని, అరచేతులతో పొరలు పొరలుగా తీసి వెతకడం మొదలుపెట్టాడు. "కంగారు పడకమ్మా, దొరుకుద్ది. బంగారం ఎక్కడికీ పోదు. నా భార్యదీ ఒకసారి ఇలాగే..." అంటూ అంగుళం అంగుళం వెతికాడు. అతని మోచేతి మీద చీమలు ఎక్కుతున్నాయి. దులుపుకుంటూ వెతికాడు.

ఆమె అతన్ని వెతకనిచ్చింది.

ఈ లోపల తన మొక్క దగ్గరికి వెళ్ళింది. గోడ వారన ఉండటం వల్ల ఇంకా నిలబడి ఉంది. దారాలున్న ఆకు, దాని కాడ, కాడ మీద మిగిలిన నాలుగు పేనుబంక పురుగులు — కత్తెరతో కోసింది. చున్నీ చాటున పెట్టుకుంది.

"దొరికిందయ్యా," అంది.

అతని ముఖం వెలిగిపోయింది. "చెప్పానా!" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని యంత్రమెక్కాడు. ఇది రెండో అబద్ధం. మొదటిదాని కంటే దీనికే ఎక్కువ సిగ్గుపడింది.

కాడను గాజు గ్లాసులో పెట్టి, కిటికీ పక్కన బల్ల మీద ఉంచింది. రోజుకు రెండుసార్లు నీళ్ళు మార్చింది. అయినా ఆకు వాడింది. ఒకదాని తరవాత ఒకటి పేనుబంక రాలిపోయాయి. తెల్లటి గుడ్లు బూడిదరంగుకు తిరిగాయి. అంటే లోపల కళ్ళు తయారవుతున్నాయని పుస్తకంలో ఉంది.

పుట్టగానే ఆకలి. తినడానికి ఏమీ లేదు... ఉన్నది ఒకటే.

వీధులన్నీ తిరిగింది. కాలవ గట్టు, బడి వెనక స్థలం, పెట్రోలు బంకు పక్క దారి. పిచ్చిమొక్కలు ఎన్నో ఉన్నాయి. ఆ మొక్క లేదు. పేనుబంక కోసం పూల దుకాణంలో అడిగితే, "పురుగు పట్టినవి మేం అమ్మం మేడమ్," అని నొచ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం అక్క వచ్చింది. చెప్పకుండా వచ్చింది. ఇక్కడా మెట్లే, రెండు అంతస్తులు. తలుపు తీసేసరికి గోడ పట్టుకుని ఆయాసపడుతోంది.

"ఫోన్ ఎత్తవేమే? నాలుగు రోజులుగా ప్రాణం పోతోంది నాకు."

కుర్చీలో కూలబడింది. నీళ్ళు తాగింది. ఎదురుగా కంప్యూటరు తెర మీద దారాలు, గుడ్లు — చేటంత ఆకు మీద చింతగింజలంత. అక్క చాలాసేపు చూసింది.

"ఏంటే ఇవి? ముత్యాల్లా ఉన్నాయి."

"గుడ్లు."

"ఎక్కడివి?"

"అక్కడివే."

ఎక్కడివో అక్క మళ్ళీ అడగలేదు. తెర మీద నుంచి కళ్ళు గ్లాసు మీదకు, గ్లాసు మీద నుంచి చెల్లెలి మీదకు వచ్చాయి. చీర మీద నుంచే మోకాలు నిమురుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"బావకు తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమనేదానివక్కా?"

అక్క కొంగుతో నుదురు తుడుచుకుంది. కిటికీ అవతల ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు.

"తెలీదే," అంది చివరికి. "నా మీద ఒట్టు, తెలీదు. వద్దనేదాన్నని చెప్పాలనుంది. కానీ..." మోకాలి వైపు చూసుకుంది. "అబద్ధమేమో."

చెల్లెలు ఏడవలేదు. అక్క కూడా ఏడవలేదు. ఏడిస్తే అయిపోయేది కాదది.

అప్పుడు ఒక గుడ్డు చిట్లింది.

చప్పుడేమీ లేదు. ఆమె లెన్సు తిరగేసి బిగించింది. అక్క లేచి వచ్చి భుజం పక్కన వంగింది. చిన్న తల బయటికొచ్చింది. కొడవళ్ళలాంటి రెండు కోరలు, వాటి వెనక చుక్కంత కన్ను. పుట్టినది ఖాళీ పెంకు మీదే కాసేపు ఒరిగి, కాళ్ళు ఆరబెట్టుకుంది. పక్క దారాల మీద ఇంకా పదకొండు, బూడిదరంగులో, నిద్రలో.

తల కిందికి పెట్టి దిగడం మొదలుపెట్టింది. దారం వంగింది.

"ఎటు పోతుందే?" అంది అక్క గుసగుసగా.

ఆమె వేలు బటన్ మీద ఉంది. నొక్కలేదు. అక్క ఊపిరి చెంపకు వెచ్చగా తగులుతోంది.

దారం మొదలు దాకా దిగి, అది ఎండిన ఆకు మీద నిలబడింది. తల ఎత్తింది. ఒకసారి ఇటు...

ఒకసారి అటు...