రైతు భార్య చెప్పిన అబద్ధం

ఊరి సభనాటి భోజనానికి పదిహేను పౌండ్ల చిక్కుడు గింజలు ఏరాలి. చర్చి ఆడవాళ్ళు ఇళ్ళకు పంచుకున్న పనిలో ముప్పయ్యేళ్ళుగా గ్లెనిస్ వాటా అదే. గింజలు ఏరుతూ, గిన్నెకు ఆనించి పెట్టిన పుస్తకం చదువుతోంది. పెళ్ళి కోసం ఆపేసిన చదువును యాభై నాలుగో ఏట మళ్ళీ పట్టుకుంది. మంగళ, గురువారాల్లో పొద్దున్న క్లాసు. ఇప్పుడు చెబుతున్నది ఒక పాత నాటకం. మంత్రగత్తెలని ముద్ర వేసి జనాన్ని ఉరితీసిన కథ. ఉరితీసిన ఆ కొండ గ్లెనిస్ ఇంటికి కారులో అరగంట.

నాటకంలో ఒక రైతు. పనిపిల్లతో తప్పు చేస్తాడు. భార్య కనిపెట్టి పిల్లని వెళ్ళగొడుతుంది. ఆ పిల్ల పగబట్టి, భార్య మంత్రగత్తె అంటుంది. కోర్టులో ఆ భార్యను అడుగుతారు, నీ మొగుడు తప్పు చేశాడా అని. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి, మొగుడి పరువు కోసం లేదంటుంది. అతను అప్పటికే తప్పు ఒప్పేసుకున్నాడని ఆమెకి తెలీదు; ఆ ఒక్క మాటతోనే అతను ఉరికంబం ఎక్కుతాడు.

"కాలేజీ అమ్మాయిగారూ, కాస్త కాఫీ దయచేస్తారా?" అంటూ వంటింట్లోకి వచ్చాడు విన్‌స్లో హాస్కెల్, ఆమె మొగుడు. ఈ ఊళ్ళో అందరికన్నా పెద్ద ఆపిల్ తోట అతనిదే. పిల్లల ఆటస్థలానికి స్థలం ఇచ్చాడు. దానికి అతని పేరు పెట్టాలని రేపు శనివారం సభలో ప్రతిపాదన ఉంది.

కాఫీ అందుకుని, గుక్క తాగకుండానే అసలు సంగతికి వచ్చాడు. "ఆ లెవెస్క్ పిల్ల ఉత్తరం రాసిందట, నా పేరు పెట్టొద్దని. ఎవడైనా దాన్ని చదవమంటే నువ్వు లేచి ఒక్క ముక్క చెప్పు, అలాంటిదేం జరగలేదని. నీ మాటంటే ఊరంతటికీ గురి."

"నేనెప్పుడు సభలో కూర్చున్నాను? కింద వంటింట్లోనే ఉంటాగా."

"రేపొక్కరోజు పైకి రా. గరిటె ఇంకెవరైనా తిప్పుతార్లే."

ఇంకెవరైనా తిప్పుతారని ముప్పయ్యేళ్ళలో అతనికి తోచడం ఇదే మొదటిసారి. గ్లెనిస్‌కు నవ్వొచ్చింది.

కోరిన్ లెవెస్క్ అయిదేళ్ళ కిందట ఆపిల్ రసం తీసే షెడ్డులో పనికి వచ్చేది. పంతొమ్మిదేళ్ళది. ఒక మధ్యాహ్నం గ్లెనిస్ అన్నం డబ్బా పట్టుకెళ్ళి తలుపు తోసింది. పిల్ల గోడకు అతుక్కుపోయి ఉంది. రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఎదురుగా విన్‌స్లో. ఆ చేతులు ఎందుకు అడ్డం పెట్టిందో చూస్తే తెలిసిపోతుంది. గ్లెనిస్‌కు తెలిసింది కూడా. అయినా ఆమె మొగుడి వంక చూడలేదు. పిల్లనే చూసి "పో, మళ్ళీ కనపడకు" అంది. ఆ కోపమంతా మొగుడిమీద చూపించాల్సిందని ఆమెకి ఆ క్షణాన తట్టనేలేదు. తర్వాత విన్‌స్లో ఏడ్చాడు. అత్తగారు అప్పటికింకా బతికే ఉంది. "ఎప్పుడూ ఆ సింకులోనే మొహం పెట్టుకుని ఉంటే వాడెవరి మొహం చూడాలే?" అంది. నిజమే కాబోలనుకుని గ్లెనిస్ మొగుడికి క్షమాపణ చెప్పింది. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది. పెళ్ళయిన నాటినుంచీ అంట్లు తోమిన చేతులతోనే ఆ క్షమాపణా అందించింది.

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు కోరిన్ తల్లి డెనీస్ ఇంటికి వెళ్ళి, "మీ పిల్ల మగాళ్ళ మీద పడుతోంది. అడిగితే అబద్ధాలు చెబుతుంది, జాగ్రత్త" అని చెప్పి వచ్చింది. ముందుగా తను చెప్పెయ్యకపోతే కోరిన్ నిజం చెప్పేస్తుందని భయం. నెల తిరిగేసరికి ఆ పిల్ల ఊళ్ళో లేదు.

నిన్న గురువారం క్లాసులో అందరూ నాటకంలోని పనిపిల్లనే తిట్టిపోశారు. గ్లెనిస్ కూడా తలూపింది. అంతా అయ్యాక టీచరు తాపీగా చెప్పింది, "పాత కోర్టు కాగితాల ప్రకారం ఆ పిల్లకి పదకొండో పన్నెండో. రైతుకి అరవై. రాసినాయన పిల్లకి వయసు పెంచి, రైతుకి తగ్గించాడు. వాళ్ళ మధ్య తప్పు జరిగిందన్నది కూడా కల్పనే." గ్లెనిస్ చేతిలో కలం ఆగిపోయింది. తప్పు మోయడానికి ఒక ఆడపిల్ల కావలసి వస్తే, వయసు పెంచి మరీ నిలబెడతారన్నమాట. ఆ రైతు భార్య మీద అప్పటిదాకా ఉన్న జాలి గ్లెనిస్‌లో ఎటో పోయింది. తను చెప్పిన అబద్ధం ఎవరి ప్రాణం తీసిందో ఆ రైతు భార్యకైనా తెలిసొచ్చింది. గ్లెనిస్ ఇన్నాళ్ళూ ఆ లెక్కే చూసుకోలేదు.

శనివారం హాలు కిటకిటలాడింది. కింద ఆవిర్లు కక్కుతున్న చిక్కుళ్ళ కుండలు వదిలి, ఏప్రన్‌తోనే గ్లెనిస్ పైకి వచ్చి వెనక వరసలో కూర్చుంది. విన్‌స్లో ముందునుంచి తిరిగి చూసి కళ్ళతోనే మెచ్చుకున్నాడు. ప్రతిపాదన రాగానే ఎవరో ఉత్తరం చదవాలని పట్టుబట్టారు. గుమాస్తా చదివాడు. నాలుగే వాక్యాలు. షెడ్డులో ఏం జరిగిందో రాసి, ఆ పేరున్న చోట ఊరి పిల్లలు ఆడుకోవడం తను భరించలేనంది.

"అప్పటికే పాతికేళ్ళ మనిషి. ఏం తెలీదా?" అన్నారెవరో. ఇంకెవరో నవ్వారు.

అప్పుడు డెనీస్ లేచింది. "నేను దాని తల్లిని. దాని సంగతి నాకు తెలుసు. చెబితే అన్నీ అబద్ధాలే. పట్టించుకోకండి. హాస్కెల్ గారు మంచివారు."

కడుపున పుట్టినదాన్ని అంత నిబ్బరంగా తోసిపుచ్చిన ఆ మాటలు ఎవరివో గ్లెనిస్‌కు తెలుసు. తన మాటలే, పొల్లు పోకుండా. లేచి మైకు దగ్గరికి నడిచింది. విన్‌స్లో చిన్నగా నవ్వాడు.

సభ పెద్ద అలవాటు ప్రకారం అడిగాడు, "పేరు, చిరునామా?"

"గ్లెనిస్ హాస్కెల్. మిల్లు వీధి, పన్నెండు." మైకు తనవైపు వంచుకుంది. "కోరిన్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పాతిక కాదు. అది రాసింది నిజం. నేను కళ్ళారా చూశాను. చూసి పిల్లని వెళ్ళగొట్టాను. అది అబద్ధాలకోరని పుకారు పుట్టించింది కూడా నేనే."

విన్‌స్లో ముఖంలో రక్తం లేదు. ఒక్కసారి మాత్రం, "గ్లెనిస్, ఒంట్లో బాలేదా నీకు?" అన్నాడు పైకి వినిపించేలా. ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ క్షణాన గుర్తొచ్చిన మాట అదొక్కటే.

సభ పెద్దకి ఏం చెయ్యాలో తోచక, నిబంధన పట్టుకున్నాడు. "హాస్కెల్ గారూ, ప్రతిపాదనకి మీరు అనుకూలమా, వ్యతిరేకమా?"

"వ్యతిరేకం."

ఆ ఒక్క మాటతో ఇల్లూ, తోటా, మిల్లు వీధి చిరునామా తన చేతుల్లోంచి జారిపోతున్నాయని తెలిసే అంది. ఒళ్ళు తేలికవుతుందనుకుంది. కాలేదు. వెనక్కి తిరిగి వస్తుంటే నడవకి అడ్డంగా డెనీస్ నిలబడి ఉంది. చేతిలో ఓటు కార్డు నలిగిపోతోంది.

"గ్లెనిస్, నీ మాట నమ్మే నేను అయిదేళ్ళుగా నా పిల్లకి తలుపు తీయలేదు," అంది. "పోయిన క్రిస్మస్‌కి మంచులో గంటసేపు గుమ్మం ముందు నిలబడి వెళ్ళిపోయిందది."