పతంగిలో నవ్వే మొహం

కుండల్‌వాడి బజారులో పురుగుమందుల దుకాణం నడిపే రామచంద్రం నోరు తెరిస్తే నిజం భయపడి గల్లీ దాటి పోయేది. తన ఎద్దు ఒకసారి సంతకు తానే వెళ్లి, బేరగాళ్ల పళ్లు చూసి, ఎవరూ నచ్చక తిరిగొచ్చిందని ఆయన చెబుతుంటే కొనవచ్చిన వాళ్లు పని మరిచి వినేవారు. అలాంటి మనిషికి కార్తీకపు చలిలో చెమటలు పట్టిన సంగతి చెబుతాను, వినండి.

మర్ఖేల్‌లో ఉండే చెల్లెలు జనాబాయికి సాక్షి అని మనవరాలు. నాలుగో తరగతి పిల్ల. ఆ ఆదివారం పొద్దున జీపు నడిపే కైలాశ్ ఆ పిల్ల ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. బడిలో నేర్చిన మరాఠీ మాటలు నాలుగైతే, బొమ్మలు పది. రేకుల కప్పెక్కిన మేక. కొట్టంలో ఈనిన బర్రె. పత్తిచేనులో నడుములు వంచిన ఆడవాళ్లు. చివరి బొమ్మలో అవ్వ, పక్కన తెల్ల డబ్బా, డబ్బా మీద ఒక పతంగి. పతంగి కింది సగం ఎర్రరంగు, పై సగంలో నవ్వే మొహం. దాని కింద, రేపు పత్తి ఏరుడు మొదలవుతుందని, ఇన్నాళ్లు అటక మీద దాచిన ఈ డబ్బాలోనే అవ్వ అందరికీ మజ్జిగ తెస్తుందని రాసింది.

భార్య ఉమాబాయి మేకను చూసి నవ్వుతోంది. రామచంద్రం నవ్వలేదు. ఆ పతంగి లాంటి హెచ్చరిక గుర్తు ఆయన దుకాణంలో ప్రతి విషపు డబ్బా మీదా ఉంటుంది. ఆ నవ్వే మొహం పుర్రె.

డబ్బా ఇచ్చింది తానే. కిందటేడు తన చేనుకు మందు కొట్టించాక ఖాళీ డబ్బాను చెల్లెలు అడిగింది. ఇందులో ఏముండేదని ఆమె అడిగితే, దేవుళ్లు అమృతం తాగి విడిచిన డబ్బా అని, బూడిదతో తోముకొమ్మని నవ్వుతూ చేతిలో పెట్టాడు. మన పల్లెల్లో గట్టి డబ్బా దొరికితే పారేసే చెయ్యి ఇంకా పుట్టలేదు కదా.

ఉత్తరం నిన్న రాసింది, అందులోని రేపు ఈ రోజే. ఫోన్ చేశాడు. జనాబాయి అప్పటికే చేనులో ఉంది.

"చెల్లే, ఆ మజ్జిగ ముట్టకుండ్రి. అది ఇషం డబ్బ."

"అప్పుడు అమృతం అంటివి, ఇయ్యాల ఇషం అంటున్నవు. పోయి నీ ఎద్దుకు చెప్పుకో అన్నా."

నవ్వి పెట్టేసింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

కైలాశ్ జీపెక్కి బయల్దేరాడు, అది ఏ ఊళ్లోనూ ఆగలేదు. అయినా దారి తరగలేదు. రామచంద్రం ఒడిలో ఉత్తరం, అందులో ఆ మొహం నవ్వుతూనే ఉంది. ఆదివారం బడి లేదన్న సంగతి సగం దారిలో తట్టింది. సాక్షి కూడా చేనులోనే ఉంటుంది.

వేపచెట్టు కింద ఆడవాళ్లు సద్దులు విప్పుతున్నారు. సాక్షి చేతిలో నిండు గ్లాసు.

"తాతా, అచ్చినవా?"

తన మాటకు ఏపాటి విలువుందో ఆయనకు దారంతా తెలుస్తూనే ఉంది. గ్లాసు లాగి పారబోశాడు, డబ్బాను కాలితో తన్నాడు. మజ్జిగంతా నల్లరేగడిలో ఇంకిపోయింది. జనాబాయి తిట్టబోయింది. అప్పుడే చెట్టు వెనక ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడైంది. కూలికొచ్చిన ద్రౌపది. వచ్చీరాగానే దాహమని గ్లాసెడు తాగిందట.

అదే జీపులో దేగ్లూర్ ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు రోజులు డాక్టరు ఏ మాటా ఇవ్వలేదు. ఆమె మంచం పక్కన రామచంద్రం నోట ఒక్క కథా రాలేదు. మూడోనాడు కళ్లు తెరిచిన ద్రౌపదికి ఆయన నీళ్లందిస్తే, తాగకుండా ఆయన మొహంలోకి చూసింది.

"ఏ డబ్బల నీళ్లు, సేటూ?"

ఆ ప్రశ్న ఆయన్ని నేటికీ వదల్లేదు. ఎద్దు కథ ఇప్పటికీ చెబుతాడు. ఖాళీ డబ్బా అడిగితే మాత్రం కథ ఉండదు. ఇనుప చువ్వతో అడుగున తూట్లు పొడుస్తాడు. మంచిగ కడుక్కుంటామని ఎవరైనా బతిమాలితే, గోడకు అంటించిన, సాక్షి గీసిన డబ్బా బొమ్మ చూపి ఒకటే మాట అంటాడు:

"కడిగితే వాసన పోతది గని, ఇషం పోదు."