ఊకొట్టని ఊరు

ఆరబెట్టిన నెత్తళ్ళ మీద నుంచి పొక్లెయిన్ వెళ్ళిపోయింది.

గుల్లలపేట ఆడవాళ్ళు తెల్లారగట్ల నుంచీ నడుములు విరిగేలా ఇసక మీద పరిచిన చేపలవి. ఇనుప పట్టాల కింద పడి అవి ఇసకలో కలిసిపోతుంటే, కూర్మమ్మ తట్ట కింద పడేసి యంత్రానికి ఎదురు పరిగెత్తింది.

"ఒరే, ఆపరా! కింద సేపలున్నాయి, కనబడనేదేటి?"

డ్రైవరుకు తెలుగు రాదు. ఎక్కడి నుంచో పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు. యంత్రం ఆపి, నా చేతిలో ఏముంది తల్లీ అన్నట్టు అవతలికి చూపించాడు. అవతల తెల్లకారు నీడలో చినబాబు ఫోన్ మాట్లాడుతున్నాడు. ఒకప్పుడు వాళ్ళ నాన్న ఈ ఒడ్డునే వీళ్ళతో కలిసి వల లాగాడు. చినబాబు మాత్రం చిన్నప్పుడే హాస్టలుకు పోయి, పట్నంలో చదివి, ఇప్పుడు జెట్టీ కంపెనీకి కాంట్రాక్టరై తిరిగొచ్చాడు.

"ఊరికే గోల సెయ్యకత్తా. సర్వే రాళ్ళు పాతుతున్నాం, అంతే. నీ నెత్తళ్ళకి ఖరీదు కట్టించేస్తాలే."

"నెత్తళ్ళకి కాదురా, ఇసకకి కట్టు ఖరీదు. కట్టగలవేటి?"

"ఇసక గవర్నమెంటుది."

"అయితే ఇన్నేళ్ళూ ఈ ఇసకని కాళ్ళతో తొక్కి, సేపలారబెట్టి, సీపుర్లెట్టి తుడిసింది గవర్నమెంటేనేటి?"

ఆడవాళ్ళు నవ్వారు. చినబాబు నవ్వలేదు. ఆ పూటకి యంత్రం వెనక్కి పోయింది గానీ రాళ్ళు మాత్రం పాతేశారు. రాయికీ రాయికీ మధ్య పడవలు నిలిపే చోటు, చేపలు ఆరే చోటు, పిల్లలు ఆడుకునే చోటు, అన్నీ పోయాయి. చట్టం అనేది పెద్దవాళ్ళ పెరటి గేటు. వాళ్ళు వస్తే తెరుచుకుంటుంది, మనం వస్తే గడియ పడుతుంది. గుల్లలపేటకి అది కొత్తగా తెలియాల్సిన పనిలేదు.

కూర్మమ్మ మొగుడు సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఎండుచేపలు రాజాం సంతకి మోసి అమ్మి, కూతురు అనితని డిగ్రీ దాకా చదివిస్తోంది. ఆ ఇసక పోతే ఆమెకి బతుకు లేదు. అది ఒక సంగతి. ఆమెకి ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె గంగమ్మతల్లి జముకుల కళాసమితిలో వంత.

సమితి అంటే పెద్ద భవనమేమీ కాదు. రేకుల పాక, అందులో గజ్జెలు, రంగు డబ్బాలు, పడవలకి బొమ్మలేసే కుంచెలు. వేటలేని కాలంలో పిల్లలకి పాట, చిందు నేర్పుతారు. పండగలకి జముకుల కథ చెబుతారు. కథకుడు కూర్మమ్మ బావ నూకయ్య, ఆమె మొగుడికి అన్న. మీసానికి నల్లరంగు వేసుకోకుండా గడప దాటని మనిషి. కుండలాంటి డొల్లకి తోలు బిగించి, తంతి లాగి మీటే వాద్యం జముకు. దాన్ని వాయించేవాడు గంగులు. ఇక వంత పని కథకుడు చెప్పిన ప్రతి మాటకీ ఊకొట్టడం. వినడానికి తేలికే. కానీ ఈ సమితిలో ఒక పద్ధతుంది. వంత ఊకొట్టకపోతే కథ ముందుకి నడవదు. చెప్పిన చరణమే మళ్ళీ చెప్పాలి. అప్పటికీ ఊకొట్టకపోతే, ఎందుకు కొట్టవని కథకుడు అడగాలి, వంత చెప్పాలి. వంత అంటే ఊరి నోరని పాతవాళ్ళు అనేవారు. వినేవాళ్ళకి నమ్మకం కలగకుండా కథ నడిపించకూడదని దాని లెక్క.

ఆ నూకయ్యే పొరపాటు చేశాడు.

చినబాబు ఓ సాయంత్రం పాక దగ్గరికొచ్చి, చెప్పులు విప్పి, తమలపాకుల్లో నోటు పెట్టి తాంబూలం ఇచ్చాడు. "మావా, మనూళ్ళో పెద్ద సభున్నాది. నువ్వు కత సెప్పాల" అన్నాడు. నూకయ్య పొంగిపోయి అందుకున్నాడు. ఏ సభ, ఏ కథ అని అడగలేదు. జముకుల వాళ్ళు తాంబూలం తీసుకోకముందు అలా అడగరు. అడిగితే ఇచ్చినవాణ్ణి నమ్మనట్టు. తీసుకున్నాక చెప్పనంటే జముకు మూల పెట్టేయాల్సిందే.

మర్నాడు చినబాబు మనిషి కాగితం తెచ్చిచ్చాడు. అనిత చదివింది. సభ అంటే జెట్టీ మీద ప్రజాభిప్రాయ సేకరణ. కథ అంటే, గుల్లలపేట మత్స్యకారులు నవ్వుతూ ఇసక ఇచ్చేసి కంపెనీకి దండం పెట్టిన కథ. వీడియో తీసి పైకి పంపుతారట.

పాకలో ఒక్కసారిగా గొడవ లేచింది.

"ఆ తాంబూలం ఆడి మొకాన కొట్టు మావా!" గంగులు జముకు పక్కన పెట్టేశాడు. "నాను వాయించను."

"నోరుముయ్యరా. మీ తాత, మా అయ్య ఏనాడైనా తాంబూలం తిప్పిచ్చినారేటి? మాట తప్పినోడి నోట కత ఎవులింటారు?"

"పెద్నాన్నా, వేరే కథ చెబుదాం. నేను రాస్తాను" అంది అనిత.

"ఇచ్చినోడు అడిగిన కతే సెప్పాలే తల్లీ. అదీ మాటే."

"అయితే నీ మాట కోసం ఊరు ములిగిపోవాలా?" అని నిలదీసింది అనిత.

నూకయ్య రంగేసిన మీసాన్ని అరచేత్తో కప్పుకుని తల దించుకున్నాడు. కోపం కాదది, సిగ్గు. ఆ పెద్దమనిషిని అలా చూడడం కూర్మమ్మకి కష్టంగా తోచింది. ఆమె అప్పటిదాకా గజ్జెలు తుడుస్తోంది. తల ఎత్తింది.

"బావా, నా తాంబూలం ఏదీ?"

"ఏటీ?"

"కతకుడి తాంబూలం కతకుడిది. వంతది వంతది. సెరో ఆకూ సెరో సేతిలో ఎట్టాల. సినబాబు నీకొక్కడికే ఇచ్చినాడు. నాకివ్వనేదు."

నూకయ్య ఆమె వైపు చూశాడు. పుచ్చుకున్న సంబరంలో ఆయనకి అది తట్టనే లేదు. చినబాబుకి తట్టే అవకాశమే లేదు. వాడు ఏనాడూ జముకుల కథకి కూర్చున్నవాడు కాదు.

"అయితే..." అన్నాడు నూకయ్య.

"అయితే నువ్వు మాట తప్పకు. గంగులూ, నువ్వూ వాయించు. నువ్వు సెప్పు బావా, ఆడు రాసిందే సెప్పు. నాను ఊకొట్టను."

గంగులు పెద్దగా నవ్వి జముకు మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

కానీ ఒక్క నోరు మూస్తే చాలదని కూర్మమ్మకి తెలుసు. ఒక్క మనిషిని పోలీసు జీపెక్కించడం వాళ్ళకి ఎంత పని? ఆ రోజు సాయంకాలమే పడవల దగ్గర ఊరంతా కూడింది. సభలో అందరూ తన వెనక నిలబడాలని కూర్మమ్మ అడిగింది. అందరూ ఒకే మాట మీద లేరు. సోములు లేచాడు.

"మా ఓడికి కంపెనీలో వాచ్‌మేన్ ఉద్యోగం ఇస్తానన్నాడు. సేపలు రోజూ పడతాయేటి? జీతమైతే నెల నెలా వస్తాది. నా కొడుకు నోటికాడ కూడు తీయకండి."

కొందరు తలలూపారు. ఆకలి అబద్ధమాడదు. సోములు మీద కోపగించుకోవడానికి కూర్మమ్మకి మనసు రాలేదు. అయినా అడగాల్సింది అడిగింది.

"సోములన్నా, నీ కొడుకు ఏ గేటు కాడ కాపలా కాస్తాడు? మనూరి ఇసక గేటు కాడే గదా. ఎవుల్ని రానివ్వకుండా కాస్తాడు? నిన్నూ, నన్నూ."

సోములు కూర్చున్నాడు. ఒప్పుకున్నాడో లేదో ఎవరికీ తెలియలేదు.

సభ రోజున ఇసక మీద షామియానా వేశారు. వేదిక మీద పూలకుండీలు, సోఫాలు, మంచినీళ్ళ సీసాలు. అధికారి, కంపెనీ పెద్దలు కూర్చున్నారు. ఊరి జనానికి కుర్చీలు సరిపోలేదు. షామియానా చుట్టూ పోలీసులు, లాఠీలు. అభిప్రాయం సేకరించడానికి లాఠీలెందుకో అధికారి చెప్పలేదు. కెమెరా మనిషి కెమెరా బిగించాడు. చినబాబు మైకు అందుకుని, "ముందుగా మన ఊరి కళాకారులు తమ సంతోషాన్ని కథగా చెబుతారు" అన్నాడు.

గంగులు జముకు మీటాడు. నూకయ్య గజ్జె కట్టిన కాలు కదిపి గొంతెత్తాడు.

"సంబరమే సంబరం గుల్లలపేటకూ, ఇసకంతా ఇచ్చేసె నవ్వు మొకంతో!"

వంత పలకాలి. కూర్మమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. జముకు ఒక్కటే జుమ్మంటూ ఉండిపోయింది.

నూకయ్య మళ్ళీ అదే చరణం పాడాడు. కూర్మమ్మ పలకలేదు. వేదిక మీది పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఊరి జనానికి మాత్రం ఇప్పుడేం రావాలో తెలుసు. ముసలివాళ్ళు ముందుకి జరిగారు.

"వంతా, వంతా, ఊకొట్టవేటే?" పద్ధతి ప్రకారం అడిగాడు నూకయ్య. ఆ అడగడంలో పాత నూకయ్య మళ్ళీ కనిపించాడు. మీసం లేచింది.

"ఎలగ కొట్టేది కతకుడా? నవ్వు మొకంతో ఇచ్చినారని సెప్పినావు. ఇచ్చినోళ్ళ మొకం నాకు కనబడనేదు. నెత్తళ్ళ మీద యంత్రం తోలిన మొకం కనబడతన్నాది."

జనం హోరెత్తారు. చినబాబు వేదిక ఎక్కి నూకయ్య చెవిలో, "రెండో చరణానికి పో మావా" అన్నాడు. మైకు దగ్గరగా ఉంది. ఆ మాట ఊరంతటికీ వినిపించింది.

"పోలేను బాబూ. వంత ఊకొట్టందే పోరాదు. నీ తాంబూలానికి నాను కట్టుబడే ఉన్నాను" అని నూకయ్య అదే చరణం మూడోసారి పాడాడు.

"ఊహూ!" అంది కూర్మమ్మ. వెనక నుంచి అనిత "ఊహూ!" అంది. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. ఇసక మీదున్న గొంతులన్నీ "ఊహూ!" అన్నాయి.

అధికారి లేచి నిలబడ్డాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. వంతకి తాంబూలం ముట్టలేదన్న అసలు సంగతి అప్పుడెవరో చినబాబుకి చెప్పారు. వాడు చెమటలు కక్కుతూ అక్కడే ఆకులు తెప్పించి, మధ్యలో నోట్లు పెట్టి కూర్మమ్మ ముందు చాపాడు.

"తీసుకో అత్తా. తప్పయిపోయింది. ఊకొట్టేసెయ్."

కూర్మమ్మ చేతులు చాపలేదు.

"వంత నోరు నాది కాదు బాబూ, ఊరిది. ముందు ఊరి సేతిలో ఎట్టు. ఆళ్ళు పుచ్చుకుంటే నానూ పుచ్చుకుంటాను."

చినబాబు ఆకులు పట్టుకుని జనం వైపు తిరిగాడు. ముందు వరసలో ముసలమ్మ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. పక్కావిడ పెట్టుకుంది. వరస వరసే చేతులు వెనక్కి పోయాయి. చివరికి సోములు దగ్గరికి వచ్చాడు వాడు. "మావా, నీ కొడుకు ఉద్యోగం..." అన్నాడు. సోములు ఆ ఆకుల వైపు చాలాసేపు చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకుని, కొడుకు చేతులు కూడా పట్టుకుని వెనక్కి పెట్టాడు.

ఇక లాఠీలు లేచాయి. షామియానా కూలింది. పూలకుండీలు పగిలాయి. గంగులు జముకుని పొట్ట కింద దాచుకుని దెబ్బలు వీపు మీద తీసుకున్నాడు. కూర్మమ్మని జుట్టు పట్టి జీపెక్కించారు. ప్రభుత్వ పనికి అడ్డు తగిలిందట. ఊకొట్టకపోవడం నేరమని ఏ పుస్తకంలో ఉందో గానీ, పెద్దలకి కావలసినప్పుడు పుస్తకం దానంతటదే తెరుచుకుంటుంది.

స్టేషన్లో ఎస్సై కాగితం ముందు పెట్టుకున్నాడు. కూర్మమ్మ బెంచీ పక్కన నేల మీద కూర్చుంది. పెదవి చిట్లింది, చీర కుచ్చిళ్ళ నిండా ఇసక. భయం లేదని అంటే అబద్ధం. అనిత ఒంటరిగా ఉండిపోతుందేమోనని బెంగ.

"నువ్వు చెప్పినట్టుగా రాశాం. చదువుతాను, విని వేలిముద్ర వెయ్యి. 'నేను కొందరి ప్రోద్బలంతో, డబ్బుకి ఆశపడి సభని చెడగొట్టాను.'"

కిటికీ బయట జముకు జుమ్మంది.

ఎస్సై తల తిప్పి చూశాడు. గేటు అవతల రోడ్డు నిండా జనం. గుల్లలపేట ఒక్కటే కాదు, పక్క పాలేల వాళ్ళు కూడా వచ్చారు. రేపు వాళ్ళ ఇసక మీద కూడా రాళ్ళు పాతుతారని వాళ్ళకి తెలిసింది. ముందు వరసలో వీపంతా వాచిన గంగులు, గజ్జెలు విప్పని నూకయ్య, తల్లి నిలబడే చోట వంతగా నిలబడ్డ అనిత. కిటికీలోంచి నిక్కి ఆ పిల్లని చూడగానే కూర్మమ్మ గుండెలోని బరువు సగం దిగిపోయింది.

"ఏటి సదివినారు బాబూ? సరిగ్గా ఇనబడనేదు!" గేటు దగ్గర నుంచి అరిచాడు నూకయ్య.

ఎస్సై పళ్ళు కొరికి, గొంతు పెంచి మళ్ళీ చదివాడు. "నేను కొందరి ప్రోద్బలంతో..."

"ఊహూ!" అంది అనిత. ఆ వెంటనే రోడ్డంతా అంది. కిటికీ రెక్కలు అదిరాయి.

ఎస్సై కాగితం బల్ల మీద కొట్టాడు. కూర్మమ్మ చిట్లిన పెదవి తుడుచుకుని ఆయన వైపు చూసింది.

"మొదటి నుంచి సెప్పండి బాబూ" అంది. "ఇక్కడెవులూ ఊకొట్టనేదు."